బూడిదరంగు గడి

నవంబరు 4, సోమవారం

ఇందుమూలంగా సమస్తమైనవారికీ (అంటే నాకే, ఇది నా డైరీ కాబట్టి) తెలియజేయడమేమనగా, ఈ ఉదయం తబోరా పట్టణం స్టేషన్ రోడ్డులోని నా జిరాక్స్ కొట్టులో నా పరువు పోయింది. దొరికినవాళ్ళు తెచ్చి ఇవ్వనక్కర్లేదు. పాడైపోయి ఉంటుంది.

జరిగింది ఇదీ. మిలెంబే తన మూడో తరగతి పిల్లల పరీక్ష పేపర్లు ప్రింటు తీయించుకోడానికి వచ్చింది. "లే, నా మెయిల్ నేనే తెరుచుకుంటా" అని నా కుర్చీలో కూర్చుంది. కొత్త ట్యాబ్ తెరిచింది. అక్కడ బ్రౌజర్ వారు మనం తరచుగా తొక్కే గుమ్మాలన్నిటినీ గళ్ళు కట్టి, బొమ్మలు పెట్టి, వరసగా నిలబెడతారు కదా. ఎదురింటి అరుగు మీద కూర్చుని మన రాకపోకలు లెక్కపెట్టే ముసలమ్మకీ దానికీ తేడా లేదు. మిలెంబే టీచర్ కాబట్టి పైకే చదివింది.

"టీచర్ ఉద్యోగాల జాబితా. మంచిది. పాటలు. మంచిది. 'గడ్డం త్వరగా పెరగడానికి ఏడు మార్గాలు'."

ఆగింది. వెనక్కి తిరిగి నా గడ్డం వంక, కొట్టేసి దిద్దిన లెక్కని చూసినట్టు చూసింది.

"ఎన్నో మార్గంలో ఉన్నావు షిజా?"

"అది కస్టమర్లు ఎవరో చూసుంటారు."

"ఏ కస్టమరు?"

ఆ సమయంలో కొట్టులో ఉన్న ఒకే ఒక కస్టమరు హాజీ గారు. ఆయన గడ్డం బొడ్డు దాకా ఉంటుంది. "నన్ను చూడకు నాయనా, నాకేం అవసరం" అన్నాడాయన, జిరాక్స్ కాగితాలు మడత పెట్టుకుంటూ.

నవంబరు 5

ప్రక్షాళన.

ఒక్కొక్క గడి మూలన మూడు చుక్కలుంటాయి. నొక్కితే "తీసేయి" అని వస్తుంది. తీసేశాను. గడ్డం పోయింది. దాని చోట్లోకి వెంటనే ఇంకో గడ్డం వచ్చి కూర్చుంది, వేరే సైటుది. దాన్నీ తీసేశాను. పాటలు, ఫుట్‌బాల్, అమ్మాయితో మొదటి మాట ఎలా కలపాలి (ఇది నిజంగానే ఎవరో కస్టమరు చూసింది), అన్నీ పోయాయి. ఉద్యోగాల జాబితా గడి కూడా తీసేశాను. రోజుకి ఒక్కసారి చూసేదానికి గడి ఎందుకు?

చివర్న ఒక బూడిదరంగు గడి మిగిలింది. బొమ్మ లేదు, మధ్యలో ఒక్క అక్షరం. చిరునామా నా డిగ్రీ కంటే పొడుగ్గా ఉంది, అంతే పనికిరానిదిగానూ ఉంది. ఎవరిదో తెలీదు. తీసేశాను.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? పాత చరిత్ర మొత్తం తుడిచేశాను. ఇప్పుడు కొత్త ట్యాబ్ తెరిస్తే కడిగిన పళ్ళెంలా తళతళలాడుతోంది. మిలెంబే రావచ్చు. ఎప్పుడైనా రావచ్చు.

నవంబరు 6

రాలేదు.

ఉద్యోగాల జాబితా గడి మళ్ళీ వచ్చింది, మొదటి స్థానంలో. ఒక్కసారి చూస్తేనే వచ్చేసింది. ఈ బ్రౌజర్‌కి గోరంతలు కొండంతలు చేసే బుద్ధి ఉంది.

నవంబరు 7

మధ్యాహ్నం నేను తిండికి వెళ్ళినప్పుడు కొట్టులో అవ్వ కూర్చుంటుంది. ఇది మా సంసారంలో మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు. సంసారం అని ఎందుకంటున్నానంటే, నేను పుట్టినప్పటి నుంచీ అవ్వ నన్ను "మొగుడా" అనే పిలుస్తుంది. ఈ ఊళ్ళో అవ్వలందరూ మనవళ్ళని అలాగే పిలుస్తారు గానీ మా అవ్వ బాధ్యతలు కూడా అప్పజెప్పింది. "మొగుడా, కట్టెలు కొట్టు." "మొగుడా, నిన్ను చేసుకున్నందుకు ఈ గతి పట్టింది, ఉప్పు తేవడం మర్చిపోతావా?"

ఈ రోజు తిండి తిని వచ్చేసరికి అవ్వ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టర్ గది బయట కూర్చున్నట్టు.

"కరెంటు ఉందా?" అంది.

"ఉందిగా అవ్వా. ఫ్యాను తిరుగుతోంది."

"నీ పెట్టె బాగానే ఉందా?"

"మహారాజులా ఉంది. మొన్ననే శుభ్రం చేశాను."

"ఓ" అంది.

సాయంత్రం మొక్కజొన్న పిండి ముద్ద, అదే ఉగాలి, వడ్డించి, "తిను షిజా" అంది.

షిజా!

నవంబరు 8

నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు: హాజరు పట్టీ, పోలీసులు ఒకసారి, మిలెంబే. అవ్వ ఎప్పుడూ పిలవలేదు. కట్టెలు కొట్టలేదని అలిగి ఉంటుంది. ఈ పూటే కొట్టేశాను, పొరుగింటికి కూడా సరిపోయేన్ని.

"కొట్టావా. మంచిది షిజా" అంది.

నవంబరు 11

పన్ను నొప్పి కావచ్చు.

మామిడికాయలు వచ్చాయి, ఈ ఏడాది మొదటివి. మంచివి ఏరి తెచ్చాను. మామూలుగా అయితే "నీ మొహంలానే ఉంది మొగుడా, పైన పసుపు, లోపల పురుగు" అనాలి. ప్రతి ఏడాదీ అంటుంది. ఈ మాట అనందే మా ఇంట్లో మామిళ్ళ కాలం మొదలైనట్టు కాదు. ఈ రోజు ఒక కాయ తిని, టెంక పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

పన్ను నొప్పి ఉన్నవాళ్ళు మామిడి టెంకని అంత శుభ్రంగా చీకలేరు. కాబట్టి పన్ను కాదు.

నవంబరు 13

ఈ రోజు కూడా షిజా.

నవంబరు 15

అవ్వ అడిగింది: "ఆ పెట్టెలో ఏదైనా చెడిపోతే బాగుచేయించడానికి చాలా అవుతుందా?"

అవ్వకి టెక్నాలజీ మీద ఆసక్తి కలిగిందని మురిసిపోయాను. కంప్యూటర్ జ్ఞాపకశక్తి గురించి, అది ఎన్ని రకాలో, ఏది తాత్కాలికమో ఏది శాశ్వతమో, చాలా వివరంగా ఉపన్యసించాను. మధ్యలో వేరుశనక్కాయల చేట అందుకుని వలవడం మొదలుపెట్టింది. అంతా విన్నాక, "అయితే పోయింది పోయినట్టేనా?" అంది.

"చరిత్ర తుడిచేశాక ఇక అంతే అవ్వా" అన్నాను, చాలా గొప్పగా.

తల ఊపింది. ఈ మధ్య ఇంత చక్కగా మాట్లాడుకోలేదు మేమిద్దరం. తేలిగ్గా ఉంది.

నవంబరు 16

తేలిగ్గా లేదు.

మిలెంబే వచ్చింది. (కొత్త ట్యాబ్ తెరిచి చూపించాను. "అబ్బో, ఏమీ లేదు. నీ గడ్డంలాగే" అంది.) ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీ అవ్వ ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"ఎందుకు?"

"నిన్న సంతలో కనిపించింది. 'అమ్మాయీ, నువ్వు చదువుకున్నదానివి. ఉన్నట్టుండి మాయమైపోయినవి ఎక్కడికి పోతాయి?' అని అడిగింది. పెద్దావిడ కదా, చచ్చిపోయినవాళ్ళ సంగతనుకున్నాను. 'దేవుడి దగ్గరికి పోతారు బీబీ' అన్నాను." (ఊరందరికీ మా అవ్వ బీబీ. అవ్వ అనే అర్థం.)

"ఏమంది?"

"'అక్కణ్ణుంచి తెప్పించలేమా?' అంది."



నవంబరు 18

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ గుండె విన్నది, కళ్ళు చూసింది, రక్తం తీసింది, రక్తపోటు చూసింది. "మీ అవ్వది నీదాని కంటే నయం" అంది. నాది కూడా ఎందుకు చూసిందో తెలీదు. బహుశా వణుకుతున్నానేమో.

దారిలో అవ్వ స్టేషన్ దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీద టీ అమ్మింది. ఇప్పుడు అక్కడెవరో చల్లటి సీసాలు అమ్ముతున్నారు. అటే చూస్తూ, "బండి ఇంకా లేటుగానే వస్తోందా?" అంది.

"వస్తోంది అవ్వా."

నవ్వింది. పది అడుగులు వేశాక ఆ నవ్వు ఆరిపోయింది.

నవంబరు 19

ఏమీ రాయబుద్ధి కావట్లేదు. ఉద్యోగాల జాబితా చూడలేదు. (రెండుసార్లే.)

నవంబరు 20

అవ్వ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడం మొదలుపెట్టి, మానేశాను. మా అమ్మ నన్ను కని పోయాక ఈవిడే పెంచింది. ఈ వాక్యం తర్వాత ఏదైనా హాస్యం రాయాలి గానీ రావట్లేదు.

నవంబరు 22, శుక్రవారం

నేను గాడిదని. తొందరపడి అంటున్న మాట కాదు, అన్ని వైపులా విచారించి చెబుతున్నాను.

మా పెద్దనాన్న కూతురు న్యామిజి అక్క కిగోమా నుంచి ఫోన్ చేసింది. అవ్వ డల్‌గా ఉంది, రావే అన్నాను. "డల్ ఏంట్రా, తిట్లు సరిగ్గా అందట్లేదా?" అంది.

"ఏం తిట్లు?"

"కొండో తాత తిట్లురా! రంజాన్ సెలవులకి వచ్చినప్పుడు నీ కంప్యూటర్లోనే కదా నేర్పించాను. ఆ బూడిదరంగు గడి నొక్కితే చాలని. నీకు చెప్పలేదా?" అని, కాసేపు నవ్వి, "ఎందుకు చెప్తుందిలే. నువ్వు మొగుడివి కదా" అంది.

బూడిదరంగు గడి!

ఫోన్ పెట్టేసి కంప్యూటర్ మీద పడ్డాను. తీసేసినవన్నీ వెనక్కి తెచ్చుకునే మీట ఒకటుంది గానీ అది ఊరికే కనపడదు. ఇంకో గడి తీసేస్తేనే, కింద ఒక్క క్షణం తలెత్తి చూస్తుంది. అంటే, పోయినదాన్ని రప్పించుకోవాలంటే ముందు ఇంకోదాన్ని పోగొట్టుకోవాలి. ఉద్యోగాల జాబితా గడిని పోగొట్టాను. మీట కనపడింది, నొక్కాను. ఏమీ రాలేదు. ఎలా వస్తుంది? చరిత్ర మొత్తం తుడిచిన మహానుభావుణ్ణి నేనే కదా.

ఇక అక్కకి మళ్ళీ ఫోన్ చేసి, ఊరి పేరు అడిగి, వెతికి పట్టుకున్నాను. సముద్రం వైపు, కిసరావెలో ఒక చిన్న రేడియో. గురువారం గురువారం సలాముల కార్యక్రమం. జనం ఫోన్ చేసి బంధువులకి సలాములు చెప్పుకుంటారు. రేడియోవాళ్ళు తర్వాత దాన్ని తమ పేజీలో పెడతారు. కింద ఎవరైనా జవాబు రాస్తే వచ్చే వారం చదివి వినిపిస్తారు.

పాతవి విన్నాను. జూన్‌లోది ఒకటి:

"నేను కొండోని. రైల్వేలో గార్డు చేసి రిటైరైనవాణ్ణి. నా సలాము తబోరా స్టేషన్లో గోరువెచ్చని నీళ్ళకి టీ అని పేరు పెట్టి ముప్పై ఏళ్ళు అమ్మిన ముసల్దానికి. ఏమే ఎండు చిలగడదుంపా! ఇంకా బతికే ఉన్నావా? నీ టీ తాగి నేను బతికాను, అందుకని ఇక నాకు చావు లేదు!"

కింద మా అవ్వ జవాబు, వారమంతా ఆలోచించి బుధవారం ఒక వేలితో కొట్టినది: "కొబ్బరి చిప్పా. నీ బండి ఎప్పుడైనా వేళకి వచ్చిందా. నీకోసం కాచి పెట్టిన టీ నువ్వొచ్చేసరికి చల్లారిందంటే తప్పు టీదా బండిదా."

ప్రతి వారం ఇదే. మా న్యామ్వేజీ తెగకీ వాళ్ళ జరామో తెగకీ తాతల నాటి నుంచి ఉతాని, వేళాకోళం వరస. ఎంత తిట్టినా కోపం రాకూడదు. ఒకరి ఇంట్లో చావు వస్తే రెండోవాళ్ళు వచ్చి గొయ్యి తవ్వాలి, శవాన్ని ఎగతాళి చేసి ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. ఇదంతా నాకు తెలుసు. మా అవ్వకి ఇంకా అలాంటి వరసవాడు ఒకడు మిగిలి ఉన్నాడనే తెలీదు.

ఈ నెలవి విన్నాను.

ఏడో తారీఖు: "ఏమే దుంపా, పోయిన వారానికి జవాబేదీ? సిగ్గేసిందా? నీకంత లేదే!"

పద్నాలుగు. గొంతు తగ్గింది. "దుంపా. మళ్ళీ జవాబు లేదు. తబోరా వాళ్ళెవరైనా వింటుంటే చెప్పండయ్యా. చచ్చిపోయిందా? నాకు చెప్పకుండానే పూడ్చేశారా? ఆ గొయ్యి నేను తవ్వాల్సింది. దాని టీ కెటిల్ నాకు రావాల్సింది."

నిన్నటిది. ఆయన గొంతు లేదు. రేడియో అమ్మాయి చెప్పింది: "కొండో తాతగారు ఈ వారం లేరు. తబోరాలో చావుకి బయల్దేరారు. పార కూడా పట్టుకెళ్ళారు. ఆ కుటుంబానికి మా సానుభూతి."

ఆ కుటుంబం అంటే నేను.

అదే రోజు, ఇంకొంచెం

అవ్వకి చెప్పాను. వేరుశనక్కాయలు వలుస్తోంది. గడి తీసేసింది నేనేనని ముందు చెప్పాను. చేతులు ఆగాయి.

"నువ్వా తీసింది?"

"నేనే అవ్వా."

"నేను ఏదో నొక్కరానిది నొక్కి నీ పెట్టె పాడుచేశాననుకున్నాను. నీకున్నదే ఆ ఒక్క పెట్టె. ఎలా చెప్పను, ఏ మొహం పెట్టుకుని చెప్పను అని..." అని ఆగి, "వాడేమో నేను పారిపోయాననుకుంటాడని" అంది.

"పారిపోయావనుకోలేదు. చచ్చిపోయావనుకుంటున్నాడు. రైలెక్కాడు. పారతో సహా."

అవ్వ నా వంక చూసింది. పెదవులు బిగబట్టింది. భుజాలు కదిలాయి. చేట ఒళ్ళోంచి జారి వేరుశనక్కాయలన్నీ నేల మీద దొర్లాయి. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఒరే మొగుడా! ఇది ముందే చెప్పి ఏడవకూడదట్రా!"

మొగుడా.

కాయలన్నీ ఏరాను. మంచాల కింద ఉన్నవి కూడా. తల పైకెత్తకుండా ఏరాను, కారణం రాయను.

"అవ్వా, ఆయన నంబరు తీసుకుని ఉంటే పోయేది కదా?"

"తిట్టడానికి నంబరెందుకురా? పదిమంది వినని తిట్టు తిట్టేనా?" అని లేచింది. బట్టల పెట్టెలోంచి ఒంటికి చుట్టుకునే కొత్త ఖంగా గుడ్డ తీసి దులిపింది. "చావుకి కదా వస్తున్నాడు. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపిస్తాం?"

నవంబరు 23, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే రేపు నేనే నమ్మను.

అవ్వ ముందు గదిలో చాప మీద పడుకుని తల నుంచి పాదాల దాకా ఖంగా కప్పుకుంది. "నేను పడుకున్నాను. పడుకోవడం నేరమా? ఎవరైనా అడిగితే నువ్వు అబద్ధం చెప్పొద్దు. ఏమీ చెప్పొద్దు" అని నాకు ఆజ్ఞ. మిలెంబేని నేనే పిలిచాను, సాక్ష్యానికి. పొరుగింటి పెద్దమ్మ "అపశకునమే, లెమ్మను" అని ఒకటే గోల. అయినా గుమ్మంలో మంచి చోటు చూసుకుని కూర్చుంది.

బండి లేటు. చాలాసేపు పడుకున్నాం. అంటే అవ్వ పడుకుంది, మేం కూర్చున్నాం. మధ్యలో ఖంగా కింద నుంచి "వచ్చాడా?" అని వినపడేది. "శవాలు మాట్లాడవు బీబీ" అనేది మిలెంబే.

అప్పుడు వీధి చివర్న కేక.

"ఎక్కడే దుంప! ఎక్కడ దాచారు నా దుంపని! నా కెటిల్ ఏదీ!"

పొట్టి మనిషి. గార్డు కోటు తిరగేసి తొడుక్కున్నాడు. మెళ్ళో కొబ్బరి చిప్పల దండ, నెత్తిన ఆడవాళ్ళ గుడ్డ తలపాగాలా చుట్టి ఉంది, భుజాన పార. వెనకాల వీధి వీధంతా. స్టేషన్ దగ్గర టీ ముసలమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఇంతమందీ కలిసి చూపించారట. ఆ వేషం చూసి, బీబీ పోయిందని కొందరు, ఇందాకే చూశామని కొందరు.

నన్నేమీ అడగలేదు. చాప చూశాడు. అంతే, మొదలుపెట్టాడు.

"ఆహా, చివరికి నోరు మూసుకుంది! తబోరాకి మంచిరోజులొచ్చాయి!" చాప చుట్టూ గంతులేశాడు. పార కర్రతో అవ్వ పొడుగు కొలిచాడు. "ఇంత పొట్టిదానికి గొయ్యెందుకయ్యా, కుండ చాలు! పొయ్యి పక్కనే పూడ్చండి. కనీసం ఇప్పుడైనా వెచ్చగా ఉంటుంది, దీని టీ ఎన్నడూ లేదు!"

జనం పగలబడి నవ్వుతున్నారు. ఖంగా సన్నగా వణుకుతోంది. నేను గట్టిగా దగ్గాను, ఎవరూ అటు చూడకుండా.

"మూడు వేల కప్పులు తాగించావే! ఒక్కటి వేడిగా ఉందా? ఉందా? చెప్పు!"

అలా అంటూ వంగాడు, కాళ్ళ దగ్గర తొలగిన ఖంగా అంచు సర్దడానికి. అవ్వ మడమలు కనపడ్డాయి. పగుళ్ళు. ముప్పై ఏళ్ళు ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగిన మడమలు.

గార్డు చేతిలో అంచు అలాగే ఉండిపోయింది.

"దుంపా" అన్నాడు. ఈసారి వీధికి వినపడేలా కాదు.

జనం ఇంకా నవ్వుతున్నారు. ఒక్కొక్కళ్ళే ఆగారు. ఆయన చాప పక్కన చతికిలబడ్డాడు. తలపాగా ఊడదీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇక గురువారాలు నేను ఎవర్ని తిట్టనే?" అన్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. కొబ్బరి చిప్పలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి.

ఉతాని వాడు చావింట్లో ఏడవకూడదు. అందరూ ఏడ్చినా వాడు ఏడవకూడదు. అది వాడి ఉద్యోగం. పెద్దమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మిలెంబే నా మోచెయ్యి పట్టుకుంది. (దీని గురించి విడిగా ఒక రోజు రాస్తాను.)

ఖంగా కింద నుంచి అవ్వ గొంతు వచ్చింది.

"ఈసారైనా బండి వేళకి వచ్చిందా?"

కొండో తాత కదల్లేదు. తలపాగా గుడ్డ మొహం మీంచి తీశాడు. చాపనే చూస్తూ, చాలా మామూలుగా, డ్యూటీలో ఉన్న గార్డులా జవాబిచ్చాడు.

"రాలేదు."

"అనుకున్నా" అంది అవ్వ, లేచి కూర్చుంటూ. "ఇలా లేటుగా వస్తే నిజం శవమైతే కుళ్ళిపోయేది. పైగా ఏడ్చావు. అందరూ చూశారు. వరసైనవాడివై ఉండి ఏడ్చావు. తప్పు కట్టు."

అప్పుడు అరిచాడు. ఆ అరుపుకి స్టేషన్లో బండి ఆగి ఉంటుంది. పార ఎత్తాడు, దించాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు, కూర్చున్నాడు. "నేను తప్పు కట్టడమేంటి! చచ్చినట్టు పడుకున్నావు, నేను ఎగతాళి చేశాను. పని చేశాను! నా కూలి నాకివ్వాలి! కెటిల్ తే!"

"ముందు టీ తాగి చావు. మొగుడా, నీళ్ళు పెట్టు."

ఆయన నావైపు తిరిగాడు. కింద నుంచి పై దాకా చూశాడు. "వీడా నీ కొత్త మొగుడు? గడ్డం కూడా రాలేదేమే!"

మిలెంబే మోచెయ్యి వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. ఇంకా ఆపలేదనుకుంటాను.

టీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, "వేడిగా ఉంది. ఇది దాని టీ కాదు" అన్నాడు.

నవంబరు 25

బండెక్కించాం. ఎండు చిలగడదుంపల మూట ఇచ్చింది అవ్వ. కెటిల్ కోసం ప్లాట్‌ఫారం మీద కూడా వాదించాడు. అవ్వ సంచిలోంచి మూత తీసి చేతిలో పెట్టింది.

"ఇది తీసుకెళ్ళు. కింది భాగం నిజంగా పోయినప్పుడు."

"నేనే ముందు పోతే?"

"మూత పట్టుకుని నేనొస్తా, గొయ్యి తవ్వడానికి. నీ అంత లేటుగా మాత్రం రాను."

బండి కదిలింది. ఆయన కిటికీలోంచి మూత ఊపుతూ పోయాడు, పాత పచ్చజెండాలా. అది మలుపు తిరిగేదాకా అవ్వ నిలబడింది. తర్వాత "ఏంట్రా మొగుడా, మోసుకెళ్ళాలా ఏంటి, పద" అంది.

నవంబరు 27

టీచర్ ఉద్యోగాల జాబితా చూశాను. ఒక్కసారే. (నిజం. ఎవరైనా గడిని అడగండి, రెండో వరసలోకి దిగిపోయింది.)

నవంబరు 29, శుక్రవారం

ఉదయం మిలెంబే వచ్చి కొత్త ట్యాబ్ తెరిచింది. మొదటి గడి బూడిదరంగుది. నేను పెట్టలేదు. అవ్వ అన్నిసార్లు నొక్కింది, అదే వచ్చి కూర్చుంది. దాని పక్కన, "గడ్డం త్వరగా పెరగడానికి ఏడు మార్గాలు".

"నేను కాదు! ఒట్టు!"

"తెలుసు" అంది మిలెంబే పేపర్లు సర్దుకుంటూ. "నేనే చూశాను, నిన్న నువ్వు తిండికి వెళ్ళినప్పుడు. నాలుగో మార్గం కొంచెం నయంగా ఉంది. ఆదివారం చెప్తాలే."

ఆదివారం. ఆదివారం!

మధ్యాహ్నం అవ్వ గడి నొక్కింది. నేను తిండికి వెళ్ళలేదు, పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు దాపరికం లేదు కదా. నిన్నటి సలాములు.

"నేను కొండోని. మొన్న తబోరాలో ఒక చావుకి వెళ్ళొచ్చాను. మర్యాద తెలియని శవం. మధ్యలో లేచి కూర్చుంది. కూలి ఎగ్గొట్టి మూత చేతిలో పెట్టింది. ఏమే దుంపా! ఇక మూత కూడా లేదు, నీ టీ ఎంత చల్లగా ఉంటుందో ఆలోచించుకో!"

అవ్వ కళ్ళు మెరిశాయి. "రాయి మొగుడా. నా వేలు నెప్పి."

నెప్పేమీ లేదు. రాశాను.

"కొబ్బరి చిప్పా. మూత నీ దగ్గరుంది కదా, నెత్తిన పెట్టుకో. కనీసం ఒక్క చోటైనా బోడి కనపడకుండా ఉంటుంది."

"ఇంకా?" అన్నాను.

ఆలోచించింది. బయట జిరాక్స్ కోసం ఎవరో పిలుస్తున్నారు. ఉండమన్నాను.

"ఒంట్లో బాగుంది, బతికే ఉన్నాను, దిగులు పెట్టుకోకు అని రాయి."

రాశాను. పంపించే మీట మీద వేలు పెట్టాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. ఆ చివరిది తీసెయ్."

"ఏది అవ్వా? బతికే ఉన్నానన్నదా?"

"అదే. తీసెయ్. తిట్టాను కదా, వాడికి తెలుస్తుంది."